సేంద్రియ ఎరువుల ట్రైనింగ్ పొలంలో ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

ఊళ్ళల్లో రైతులకి సేంద్రియ ఎరువుల మీద ట్రైనింగ్ అంటే చాలాచోట్ల హాల్లో కూర్చోబెట్టి, స్క్రీన్ మీద బొమ్మలు చూపించి, చేతిలో ఓ కాగితం పెట్టి పంపించెయ్యడమే, దయచేసి దాన్ని ట్రైనింగ్ అనకండి. కంపోస్టు అనేది చేస్తూ నేర్చుకునే పని. కుప్ప లోపల వేడి 55, 60 డిగ్రీల దాకా ఎక్కితేనే కలుపు గింజలు, తెగులు క్రిములు చస్తాయి, ఆ వేడి పుట్టాలంటే కుప్ప కనీసం మీటరు ఎత్తు మీటరు వెడల్పు ఉండాలి, ఎండుగడ్డి పచ్చాకు పేడ పొరలు పొరలుగా పడాలి, గుప్పెట్లో పిసికితే తడి తగలాలి కానీ నీళ్ళు కారకూడదు. ఆ తడి చెయ్యి పెడితేనే తెలుస్తుంది. రెండు మూడు వారాలకి కుప్ప తిరగెయ్యాలి, సరిగ్గా అప్పటికి నేర్పిన మనిషి ఉండడు, కంపు కొడుతోందని రైతు వదిలేస్తాడు. తడి ఎక్కువై గాలి ఆడట్లేదు అంతే, నేర్పినవాళ్ళు పక్కన ఉండి ఎండుగడ్డి కలిపించి తిరగేయిస్తే బాగుపడుతుంది.

చెయ్యడం సరే, వాడకం సంగతి అసలు ఎవరూ చెప్పరు. మాగని పేడ వేస్తే కలుపు, చెదలు వస్తాయి. చెత్త సగమే కుళ్ళి ఉంటే దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులే నేలలో నత్రజని లాగేసుకుంటాయి, పైరు పసుపు తిరుగుతుంది, ఇంక రైతు సేంద్రియం పేరెత్తడు. యూరియాలో నత్రజని 46 శాతం, పశువుల ఎరువులో సుమారు అర శాతం, మరి బస్తా యూరియా మానేసి బండెడు ఎరువు తోలితే చాలని చెప్పడం రైతుని ముంచడమే కదా. భూసార పరీక్ష చేయించి, జనుము జీలుగ లాంటి పచ్చిరొట్ట పైర్లు వేసి పూత దశలో కలియదున్నించి, రసాయనాలు మెల్లగా తగ్గించే లెక్క నేర్పాలి.

1989లో ఇండోనేషియాలో వరి రైతులతో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) పొలంబడులు మొదలుపెట్టింది, పురుగుమందులు తగ్గించడానికి, పంటకాలమంతా రైతులు వారం వారం పొలంలోనే కలిసి పాత పద్ధతి మడి, కొత్త పద్ధతి మడి పక్కపక్కన పెట్టి పోల్చుకునేవాళ్ళు. ఎరువులకీ అలాగే చెయ్యండి. పేడ ఎత్తేది ఎక్కువగా ఆడవాళ్ళు, ట్రైనింగ్‌కి పిలుపు మాత్రం మగవాళ్ళకి, ముందు అది మార్చండి.

ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చామని రాసుకునే అధికారులు, ఏడాది తర్వాత ఆ ఊళ్ళో ఎన్ని కుప్పలు నడుస్తున్నాయో వెళ్ళి చూసి అది కూడా రాయాలని మీ పేపర్ ద్వారా అడుగుతున్నా.

ఇట్లు,
ఒక పాఠకుడు