రెండు పడక గదుల ఫ్లాటు 45 లక్షల లోపు ఎందుకు ఇవ్వలేకపోతున్నాం

హైదరాబాద్ శివార్లలో స్టిల్టుపై ఐదంతస్తుల అపార్టుమెంట్లు కట్టే చిన్న సంస్థ మాది. మొదలుపెట్టబోతున్న ప్రాజెక్టులో రెండు పడక గదుల ఫ్లాటు 45 లక్షల లోపు వస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. రాదు. వస్తుందని చెప్పి, ఆ తర్వాత పార్కింగు పేరిటా, కరెంటు మీటరు పేరిటా కలుపుకుంటూ పోవడం మాకు చేతకాదు కనుక కారణాలు ముందే రాస్తున్నాను.

ఆ 45 లక్షల పరిమితి జీఎస్టీ మండలి పెట్టింది, 2019 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. మహానగరాల్లో నిర్మాణంలో ఉన్న ఫ్లాటు 45 లక్షలకు, 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియాకు (ఫ్లాటు లోపల వాడుకునే విస్తీర్ణానికి) మించకపోతే పన్ను 1 శాతం, ఏ ఒక్కటి దాటినా 5 శాతం. అంటే 45 లక్షల ఫ్లాటుకు 45 వేలు కట్టే కుటుంబం, ధర మరో లక్ష పెరిగితే 2.30 లక్షలు కట్టాలి. సిమెంటుపై పన్ను 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గింది, మేమూ ఆ మేరకు తగ్గించాం. అయితే ఇక్కడ ఫ్లాటు ధరను తేల్చేది సిమెంటు కాదు, గజం ధర.

రాష్ట్రం చేతిలో ఉన్నది రిజిస్ట్రేషన్ ఖర్చు. అది 2021 జూలైలో 6 నుంచి 7.5 శాతానికి పెరిగింది. 46 లక్షల ఫ్లాటుకు 3.45 లక్షలు. గృహరుణంలో బ్యాంకులు సాధారణంగా దీన్ని కలపవు కాబట్టి, మొదటి ఇల్లు కొనే ఉద్యోగి తన వాటా సొమ్ముతో పాటు దీన్నీ చేతి నుంచే పెట్టుకోవాలి. మా దగ్గరికి వచ్చి వెనుదిరిగేవారిలో ఎక్కువమంది నెలవారీ వాయిదాకు భయపడి కాదు, ఈ మొత్తం సమకూరకే ఆగిపోతున్నారు. కర్ణాటక 2021లో 35 నుంచి 45 లక్షల మధ్య ధర ఉన్న కొత్త ఫ్లాట్ల తొలి రిజిస్ట్రేషన్‌కు స్టాంపు సుంకాన్ని 5 నుంచి 3 శాతానికి తగ్గించింది. అదే పని ఇక్కడ చేయడానికి కొత్త పథకమేమీ అక్కరలేదు.

అనుమతుల విషయంలో ఫిర్యాదు లేదు. 2020లో టీఎస్ బీపాస్ (భవన అనుమతులు ఆన్‌లైన్‌లో ఇచ్చే విధానం) వచ్చాక గడువులు చట్టంలోనే ఉన్నాయి. చిక్కంతా స్థలం దగ్గరే ఉంది. 2006లో నగరంలో ఎఫ్ఎస్ఐ పరిమితి (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న హద్దు) ఎత్తివేశాక ఎత్తును నిర్ణయించేవి ప్రధానంగా రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణమే. వెడల్పైన రోడ్డు మీద టవరు లేస్తే, సందులో స్థలమున్నవారూ ఆ లెక్కనే ధర చెబుతారు (వారిని తప్పుపట్టలేం). కట్టదగిన స్థలాలు పెరిగితేనే ఈ ఒత్తిడి తగ్గుతుంది. 2020 నుంచి ఎల్ఆర్ఎస్‌లో (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకంలో) తేలకుండా ఉన్న ప్లాట్లను చెరువు శిఖం, నాలా భూములను పక్కనపెట్టి మిగతావన్నీ గడువు పెట్టి పరిష్కరించడం, నా దృష్టిలో, ధరపై అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపుతుంది.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు సంఖ్య వచ్చేదాకా ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోము. ఒప్పందంలో రాసిన ధరలో రిజిస్ట్రేషన్ ఖర్చు కలపడం లేదు కనుక, ప్రభుత్వం దాన్ని తగ్గిస్తే ఆ తగ్గింపు పూర్తిగా మీకే చెందుతుంది.