పాలు విరిగాయి, మిల్క్ విరిగింది

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్న అందింది. నువ్వు రాసిన ఇంగ్లీషు లేఖలో 'అడ్వైసెస్' అన్న మాట చుట్టూ మీ పై అధికారి ఎర్ర సిరాతో సున్నా చుట్టి పంపాడని, రెండు సలహాలు ఇచ్చినా రెండు అనుకోనివ్వని భాష ఇదేం భాషని నువ్వు విసుక్కోవడం చదివి చాలాసేపు నవ్వుకున్నాను.

అయితే ముందు మన ఇంటి సంగతి చూడు. పాలను కొలుస్తామే గాని లెక్కపెట్టలేము. అయినా 'పాలు విరిగాయి' అంటాం తప్ప 'విరిగింది' అనము. పాలు, నీళ్లు, పెసలు నిత్యబహువచనాలని, బంగారం, నెయ్యి నిత్యైకవచనాలని బడిలో వల్లె వేశాం గాని, ఎందుకని ఎవరమూ అడగలేదు. బియ్యం దగ్గరైతే మనలో మనకే పొత్తు కుదరదు: ఒక ఇంట్లో 'అయిపోయింది' అంటే, పక్కింట్లో 'అయిపోయాయి' అంటారు. ఇంగ్లీషువాళ్లదీ ఇదే వరస. రైస్ వాళ్లకు ఎప్పుడూ ఏకవచనమే, ఓట్స్ మాత్రం బహువచనం. రెండూ గింజలే కదా! బఠాణీ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. పూర్వం 'పీజ్' అన్నది బియ్యంలాగా రాశిని చెప్పే మాట. చివరి ధ్వనిని బహువచన ప్రత్యయమని పొరబడిన జనం, 17వ శతాబ్దంలో దాన్ని తీసేసి 'పీ' అనే కొత్త ఏకవచనాన్ని పుట్టించారు. కనుక లెక్క వస్తువులో లేదు, మాటలో ఉంది. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్ వాళ్లకు రాశులు, అంతే. చేతిలో పెట్టుకొని లెక్కించే డబ్బు సైతం 'మనీ' అనేసరికి రాశే అవుతుంది.

ఇక రాశికి మచ్, లెక్కకు మెనీ అనే విషయంలో మనల్ని ముంచుతున్నది 'చాలా' అనే మాట. 'ఎంత', 'ఎన్ని' అని అడిగేటప్పుడు మనమూ తేడా పాటిస్తాం ('కొన్ని నీళ్లు ఇవ్వండి' అన్నప్పుడు అదీ తప్పుతాం లే), కాని చాలా పుస్తకాలు, చాలా డబ్బు అంటూ రెండింటికీ ఒకే మాట వాడతాం. సందేహం వచ్చినచోట 'ఎ లాట్ ఆఫ్' అని రాసెయ్యి; అది అచ్చంగా మన 'చాలా' వంటిదే.

ఫ్యూ, ఎ ఫ్యూల తేడా అంతుపట్టడం లేదన్నావు. ఆ ఒంటి అక్షరం చేసే పనిని తెలుగులో ఒక ఏకారం చేస్తుంది, కాకపోతే తలకిందులుగా. చుట్టం వచ్చినప్పుడు 'కొంచెం పాలున్నాయి' అంటే కాఫీ వస్తుందని అర్థం, అది 'ఎ లిటిల్'. 'కొంచెమే ఉన్నాయి' అంటే ఆశ వదులుకోమని అర్థం, అది వట్టి 'లిటిల్'. అలాగే సభకు కొద్దిమంది వచ్చారంటే 'ఎ ఫ్యూ', కొద్దిమందే వచ్చారంటే 'ఫ్యూ'. వాళ్లు 'ఎ' తీసేసి నిరాశను చూపిస్తే, మనం 'ఏ' చేర్చి చూపిస్తాం.

'తక్కువ' అనడానికి, లెక్కపెట్టగలిగిన వాటికి లెస్ వాడరాదు, ఫ్యూయర్ వాడాలన్న పట్టింపును మాత్రం మరీ నెత్తిన పెట్టుకోకు. 9వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ల ఆల్‌ఫ్రెడ్ రాజే లెస్‌ను లెక్కపెట్టగలిగిన వాటికి వాడాడు. ఫ్యూయర్ మేలని 1770లో ఇంగ్లీషు వాడుకపై పుస్తకం రాసిన రాబర్ట్ బేకర్ తన అభిరుచిగా చెప్పిన మాట తర్వాతివారి చేతుల్లో శాసనమైంది. అయినా ఆఫీసు లేఖలో ఫ్యూయర్ అనే రాయి, ఎర్ర సిరా ఖర్చు తగ్గుతుంది.

నీ లేఖలో 'సమ్ అడ్వైస్' అని దిద్దితే చాలు; రెండని చెప్పి తీరాలంటే 'టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్' అను. దిద్దిన ప్రతిని పంపే ముందు ఒకసారి నాకు చూపించు.

నీ
మిత్రుడు