సర్వో ఆర్డర్ పెట్టే ముందు ఇది చదువు

ఒరేయ్ మామా,

నీ రిమోట్ కంట్రోల్ ట్రక్‌లో ముందు చక్రాల్ని తిప్పే మోటార్, అదే సర్వో, దాని గురించి "ఏ సర్వో కొనాలో చెప్పరా" అని ఒక్క లైన్ కొట్టి వదిలేశావు, ఒక్క పేరు చెప్పి నేనూ వదిలేద్దును గానీ, నీ ట్రక్ సైజుకి ఆ సమాధానం సరిపోదు, అందుకే కూర్చుని ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా. కార్ట్‌లో పెట్టినదాన్ని అలాగే ఉంచు, ఇది మొత్తం చదివాక పే బటన్ నొక్కుదువుగాని.

నువ్వు చెప్పినవి రెండు కంప్లైంట్లు. ఒకటి, బండి ఆగి ఉన్నప్పుడు గానీ ఇసుకలో, గడ్డిలో మెల్లగా పోతున్నప్పుడు గానీ ముందు చక్రాలు సగం తిరిగి ఆగిపోతున్నాయి. రెండు, స్పీడ్‌లో తిన్నగా పొమ్మంటే అటూ ఇటూ ఊగుతోంది, మాటిమాటికీ ట్రిమ్ (రిమోట్‌లో స్టీరింగ్ సెంటర్ సర్దేది) సరిచేయాల్సి వస్తోంది. నువ్వు రెండూ కలిపి సర్వో వీక్ అనేశావు. మొదటిదానికి సర్వో కారణం అయితే అవ్వొచ్చు, రెండోదానికి మాత్రం దాదాపు ఎప్పుడూ లింకేజ్‌లో, అంటే సర్వో నుంచి చక్రాల దాకా ఉండే రాడ్‌లు, జాయింట్‌లలో ఉన్న లూజే కారణం. ఆ లూజు అలాగే పెట్టుకుని పెద్ద సర్వో బిగిస్తే మోకాళ్లు అరిగిపోయినోడికి కొత్త బూట్లు కొనిచ్చినట్టే ఉంటుంది.

ముందు పైసా ఖర్చు లేని పని చెప్తా. బాడీ తీసి పక్కన పెట్టి, బండిని స్టాండ్ మీద ఎత్తి స్టీరింగ్ తిప్పు, గాల్లో రెండు వైపులా ఫుల్‌గా తిరుగుతాయి, అది నాకూ తెలుసు. ఇప్పుడు నేల మీద దించి మళ్లీ తిప్పు, కానీ ఈసారి చక్రాల్ని చూడకు, సర్వో హార్న్‌ని, అదే సర్వో షాఫ్ట్ మీద చేతిలా ఉండే ముక్కని చూడు. హార్న్ ఫుల్‌గా తిరిగి చక్రాలు మాత్రం తిరగట్లేదంటే మధ్యలో సర్వో సేవర్ (దెబ్బ తగిలితే సర్వోని కాపాడే భాగం) స్ప్రింగ్ లొంగిపోతోందని అర్థం, నీ సర్వో ఏ పాపం చేయలేదు. హార్న్ కూడా సగంలోనే ఆగిపోయి గుయ్య్ అని అరుస్తోందంటే టార్క్ (తిప్పే బలం) చాలట్లేదు, లేదా దానికి కరెంట్ సరిగ్గా అందట్లేదు. అదే టైమ్‌లో రిసీవర్ (బండిలో రిమోట్ సిగ్నల్ అందుకునేది) లైట్ ఆరి మళ్లీ వెలిగిందంటే ఇంక డౌటే అక్కర్లేదు, సప్లై ప్రాబ్లం.

ఇంకో టెస్ట్, ఇది ఎవరూ చేయరు ఎందుకో. హార్న్ దగ్గర లింక్ ఊడదీసి చక్రాల్ని చేత్తో ఒక చివర నుంచి ఇంకో చివరకి తిప్పి చూడు. ఎక్కడా పట్టకుండా పోవాలి. పట్టిందంటే బాల్ ఎండ్ (రాడ్ చివర ఉండే గుండు జాయింట్) టైట్‌గా ఉన్నట్టు, లేదా బెల్‌క్రాంక్ (సర్వో కదలికని చక్రాల రాడ్‌ల వైపు మళ్లించే ముక్క) బుష్‌లో మట్టి చేరినట్టు, లేదా ఫుల్ లాక్‌లో ముందు డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ ఇరుక్కుంటున్నట్టు. ఆ రాపిడినంతా ఇన్నాళ్లూ నీ సర్వో ఒక్కటే మోస్తోంది పాపం.

సర్వో సేవర్ సంగతి. చాలా బండ్లలో అది బెల్‌క్రాంక్‌లోనే ఉంటుంది, స్ప్రింగ్ మీద ఒక నట్టు ఉంటుంది చూడు, అది బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుంది. కొంచెం కొంచెంగా బిగించి ప్రతిసారీ నేల మీద చూసుకో. కొంతమంది దాన్ని పూర్తిగా లాక్ చేసేస్తారు, రెస్పాన్స్ అద్భుతం అని మురిసిపోతారు, ఒక రాయికి గుద్దుకున్న రోజు సర్వో గేర్ పళ్లు రాలిపోతాయి. ఎనిమిది తొమ్మిది కిలోల బండి స్పీడ్‌లో వచ్చి ఒక్క చక్రం మీద దెబ్బ తింటే ఆ షాక్ ఎక్కడో ఒకచోట ఆగాలి కదా, సేవర్ తీసుకోకపోతే గేర్ తీసుకుంటుంది. నట్టు చివరిదాకా బిగించినా లొంగుతోందంటే గట్టి స్ప్రింగ్ కొను, లాక్ మాత్రం చేయకు.

ఇప్పుడు లూజు. ముందు చక్రం రెండు చేతులతో పట్టుకుని కదుపు, ఇంకో మనిషి ఉంటే ఇంకా మంచిది, నువ్వు కదుపుతుంటే వాళ్లు ఒక్కో జాయింట్ మీద వేలు పెట్టి చూడొచ్చు. హబ్ బేరింగ్, కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే పిన్ను), టై రాడ్ (చక్రాన్ని నెట్టే రాడ్) బాల్ ఎండ్‌లు, డ్రాగ్ లింక్ (సర్వో హార్న్ నుంచి వచ్చే రాడ్), బెల్‌క్రాంక్ బుష్‌లు, చివరికి హార్న్ స్ప్లైన్ (సర్వో షాఫ్ట్ మీది పళ్లు) మీద కూర్చున్న చోటు. ఒక్కోదాంట్లో వెంట్రుక వాసి లూజే ఉంటుంది, అన్నీ కలిసి చక్రం దగ్గరికి వచ్చేసరికి బండి తిన్నగా పోదు. బెల్‌క్రాంక్ బుష్‌లు తీసేసి బేరింగ్‌లు వేయడం నా లెక్కలో ఈ మొత్తం అప్‌గ్రేడ్‌లో చీప్‌గా అయ్యే బెస్ట్ పని. ప్లాస్టిక్ బెల్‌క్రాంక్ లోడ్ మీద వంగుతుంది, అది కంటితో చూడొచ్చు, కాబట్టి అల్యూమినియంది వేసుకో, టై రాడ్‌లు స్టీల్‌వి గానీ టైటానియంవి గానీ వేసుకో. బాల్ ఎండ్‌లు, సస్పెన్షన్ ఆర్మ్‌లు మాత్రం ప్లాస్టిక్‌లోనే ఉండనీ. మెరుస్తోందని బండి మొత్తం అల్యూమినియం చేసుకునేవాళ్లంటే నాకు పడదు, ప్లాస్టిక్ ఆర్మ్ వంగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది, అల్యూమినియం వంగితే అలాగే ఉండిపోతుంది.

సరే, ఇవన్నీ అయ్యాక కూడా హార్న్ సగంలో ఆగుతోందనుకో, అప్పుడు సర్వో. 40 కేజీ సెంటీమీటర్ అని రాసి ఉంటే, షాఫ్ట్ సెంటర్ నుంచి ఒక సెంటీమీటర్ దూరంలో 40 కేజీల బలం అని. నీ హార్న్ మీద లింక్ 2 సెంటీమీటర్ల దూరంలో ఉంటే లింక్‌కి అందేది 20 కేజీలు, 4 సెంటీమీటర్ల దగ్గర పెడితే 10 కేజీలే. అందుకే చక్రాలు ఎక్కువ తిరగాలని లింక్‌ని హార్న్ చివరి రంధ్రంలోకి మారిస్తే బలం పోతుంది. పైగా ఆ నంబర్ సాధారణంగా సర్వో తట్టుకునే మ్యాక్సిమం వోల్టేజ్ దగ్గరిది, అదీ కదలకుండా ఆగిపోయినప్పటి టార్క్. 8.4 వోల్ట్‌ల సర్వోకి 6 వోల్ట్‌లు ఇచ్చి బాక్స్ మీద ఉన్న బలం రావట్లేదంటే ఎలా వస్తుంది. స్పీడ్ గురించి మరీ ఆలోచించకు, 60 డిగ్రీలకి 0.15 సెకన్లు అంటే ఇంత బరువు బండికి చాలు.

సైజు చూసుకో, 40 బై 20 మిల్లీమీటర్ల మామూలు సర్వో వేరు, పెద్ద స్కేల్ సర్వో వేరు, దానికి మౌంట్ కూడా వేరే. స్ప్లైన్ పళ్లు కూడా లెక్క చూసుకో, మామూలు సైజులో ఫుటాబా టైప్ 25, హైటెక్ 24, జేఆర్ 23, పెద్దవాటిలో 15 పళ్లది ఎక్కువ కనిపిస్తుంది. 24 పళ్ల షాఫ్ట్ మీద 25 పళ్ల హార్న్ కొట్టి ఎక్కించే పని పెట్టుకోకు, ఎక్కినట్టే ఉంటుంది, తర్వాత జారుతుంది. ఒక పెద్దదాని బదులు రెండు చిన్న సర్వోలు వై కేబుల్‌తో పెట్టొచ్చా అంటావేమో, పెట్టొచ్చు, కానీ రెండింటి సెంటర్ అచ్చంగా కలవాలి, లేకపోతే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ రెండూ వేడెక్కుతాయి. నేనైతే ఒక్కటే పెద్దది పెడతా.

కరెంట్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. పెద్ద సర్వో లోడ్ మీద ఆగిపోతే చాలా ఆంపియర్లు లాగేస్తుంది, ఈఎస్‌సీలో (బండి మోటార్ స్పీడ్ కంట్రోలర్) ఉన్న బీఈసీకి (రిసీవర్‌కీ సర్వోకీ కరెంట్ ఇచ్చే భాగం) అంత సత్తా లేకపోతే వోల్టేజ్ పడిపోయి రిసీవర్ రీస్టార్ట్ అవుతుంది, ఆ కాసేపు బండి నీ చేతిలో లేనట్టే. సర్వో స్టాల్ కరెంట్ (ఆగిపోయినప్పుడు లాగే కరెంట్) ఎంతో చూసి దానికంటే పైన ఉండే బయటి బీఈసీ పెట్టు, అది పెట్టినప్పుడు ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వెళ్లే ప్లగ్‌లో ఎర్ర వైర్ పిన్ తీసేసి టేప్ చుట్టు, రెండు సప్లైలు కలవకూడదు. కెపాసిటర్ ఒకటి గుచ్చితే చాలని ఎవరైనా చెప్తే నమ్మకు, అది చిన్న కుదుపుల్ని ఆపుతుంది గానీ చాలని బీఈసీని పెద్దది చేయదు. నీ ఇంకో పెట్రోల్ బండికి కూడా ఇదే సర్వో వేద్దామనుకుంటే, అక్కడ 2 సెల్స్ లైపో బ్యాటరీ డైరెక్ట్‌గా ఇచ్చేస్తారు, ఫుల్ చార్జ్‌లో 8.4 వోల్ట్‌లు, కానీ అదే లైన్ మీద థ్రాటిల్ సర్వో కూడా ఉంటుందని మర్చిపోతారు. అది 6 వోల్ట్‌ల రకం అయితే కాలిపోతుంది, థ్రాటిల్ తెరిచి ఉన్నప్పుడు కాలితే ఏమవుతుందో నువ్వే ఊహించుకో.

బిగించేటప్పుడు ముందు ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) ఆన్ చేసి ట్రిమ్ సున్నాలో పెట్టి సర్వో సెంటర్‌కి వచ్చాకే హార్న్ ఎక్కించు, హార్న్‌కీ లింక్‌కీ మధ్య 90 డిగ్రీలు ఉండాలి, పంటి తేడా వస్తే రిమోట్ సెట్టింగ్స్‌లో ఉండే సబ్ ట్రిమ్‌తో సర్దు. తర్వాత టై రాడ్‌లు రెండూ సమానంగా. ఆఖరికి ఈపీఏ (సర్వో ఎంతవరకు తిరగాలో రిమోట్‌లో పెట్టే హద్దు), కుడికి వేరే ఎడమకి వేరే, చక్రం స్టాప్‌కి తగిలే చోటు నుంచి కొంచెం వెనక్కి తగ్గించు, చివర్లో సర్వో అరుస్తూ ఉండకూడదు. మెటల్‌లోకి పోయే మెటల్ స్క్రూలకి నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) రాయి, ప్లాస్టిక్‌కి తగలనివ్వకు, పగుళ్లిస్తుంది. ఒక బ్యాటరీ ప్యాక్ నడిపాక సర్వో మీద వేలు పెట్టు, వేలు నిలవనంత వేడిగా ఉంటే ఎక్కడో పట్టేస్తోందన్నమాట. ఇంక గైరో (బండి పక్కకి జారితే దానంతట అదే స్టీరింగ్ సరిచేసేది) గురించి ఇప్పుడే అడగకు, లూజు ఉన్న బండికి గైరో పెడితే చక్రాలు అటూ ఇటూ వణుకుతూ కూర్చుంటాయి.

ముందు ఆ హార్న్ టెస్ట్ చేసి, ముందు వైపు దగ్గర నుంచి వీడియో తీసి పంపు, చక్రాలు నేల మీద ఉండాలి. రిసీవర్ మీద వోల్టేజ్ ఎంత వరకు అని రాసుందో ఫొటో కొట్టు, హార్న్ మీద లింక్ ఎంత దూరంలో ఉందో స్కేల్ పెట్టి కొలిచి చెప్పు. ఆ మూడూ వచ్చాక సర్వో పేరు చెప్తా, అసలు కొనాల్సి వస్తే.

నీ మామ