దహనానికి ముందు దుప్పికి ఎక్స్‌రే తీయాలి

సంపాదకుల వారికి,
నమస్కారం.

ఎండలు ముదిరి గెడ్డలు (కొండవాగులు) ఎండితే విశాఖ అంచున ఉన్న కంబాలకొండ అభయారణ్యం దుప్పులు నీళ్ల కోసం కిందికి దిగుతాయి. కింద ఉన్నవన్నీ ఇళ్లే. ఎండాడ, హనుమంతవాక, ఆరిలోవ, అడవివరం, పీఎం పాలెం. వాటిలో ఒక దుప్పి తెల్లారేసరికి ఏ ప్రహరీ వెనకో చచ్చి పడి ఉండి, చుట్టూ వీధి కుక్కలు కనిపిస్తే, చూసినవాళ్ల నోట ముందుగా వచ్చే మాట ‘కుక్కలు చంపేశాయి’ అని. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ కుక్కలు తరిమి చంపిన దుప్పి వేరు, సీసం గుండు తగిలి రాత్రంతా కుంటుకుంటూ వచ్చి కూలిపోయాక కుక్కలు పీకిన దుప్పి వేరు. పైపైన చూసి ఏది ఏదో చెప్పలేం. అందుకే మా విన్నపం ఒక్కటే. కంబాలకొండ చుట్టుపక్కల చనిపోయిన ఏ దుప్పినీ, కణుజునీ ఎక్స్‌రే తీయకుండా దహనం చేయవద్దు.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, కుర్రాళ్ల ఫోన్లలో అమెరికా వేట వీడియోలు తిరుగుతున్నాయి. రివాల్వర్ తూటాతో, ఇంట్లో పోతపోసుకున్న సీసం గుండుతో జింకను పడగొట్టడం అందులో ఒక వేడుక. చూస్తే ఎంతో తేలికనిపిస్తుంది. ఆ వీడియోల్లో కనపడనిది చాలా ఉంది. అక్కడ వేటకు లైసెన్సు, సీజను, ఒక్కో జింకకు ఒక్కో ట్యాగు ఉంటాయి. .357 మాగ్నమ్, .44 మాగ్నమ్ వంటి రివాల్వర్ తూటాలు మామూలు రైఫిల్ తూటాలంత వేగంగా పోవు. దెబ్బకు అదిరిపోయి జింక పడిపోతుందనుకుంటే పొరపాటు. గుండు రెండు ఊపిరితిత్తుల్లోంచీ దూసుకుపోతేనే చస్తుంది, అప్పుడు కూడా కొంత దూరం పరుగెత్తాకే. అందుకే తెలిసిన వేటగాళ్లు చేతి తుపాకీతో యాభై గజాలు, అదే తూటా వేసే పొట్టి రైఫిల్‌తో వంద గజాలు దాటితే గురిపెట్టరు. పోతగుండులో తగరం, ఆంటిమొనీ పాళ్లు ఎక్కువై బాగా గట్టిపడితే అది సన్నటి బెజ్జం చేసి అవతలికి పోతుంది. నెత్తురు చుక్క కింద పడదు, జాడ దొరకదు. మరీ మెత్తనైతే ఎముకకు తగిలి చితికిపోయి లోపలే ఆగిపోతుంది. పొట్టలో తగిలిందా, ఆ జింక గంటల తరబడి, ఒక్కోసారి మర్నాటిదాకా ప్రాణంతో ఉంటుంది. అలాంటప్పుడు వెంటనే వెంటపడకుండా ఆరు నుంచి పన్నెండు గంటలు ఆగి వెతకాలన్నది అక్కడి వేటగాళ్ల నియమం.

ఇన్ని హద్దులు పెట్టుకున్నవాళ్లే ఊళ్ల దగ్గర గుండు ఎంత దూరం పోతుందోనని భయపడతారు. ఒహాయో రాష్ట్రంలో 2014 నుంచి జింకల వేటకు రైఫిల్ అనుమతించినా, దూరం పోయే మామూలు రైఫిల్ తూటాలను ఒప్పుకోలేదు. మందు నింపే ఇత్తడి గొట్టం (కేసు) గోడలు తిన్నగా ఉండే పొట్టి తూటాలకే వీలిచ్చారు. అవి కూడా ఏటవాలుగా పైకి పోతే కిలోమీటరున్నర దాటి పడతాయి. ఎండాడ కొండవాలు మీద నిలబడి కిలోమీటరున్నర లెక్కేసుకోండి. జాతీయ రహదారి, అపార్టుమెంట్లు, బడులు అన్నీ అందులోనే ఉన్నాయి.

మన అడవుల్లో వాడేది ఆ తుపాకీ కూడా కాదు, నాటు తుపాకీ. గొట్టం లోపల గుండును తిప్పే మర గాడులుండవు, గుండు గొట్టానికి సరిగ్గా పట్టదు, మందు పోసేది చేతి అంచనాతో. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ పొంతన ఉండదు. రాత్రి పూట, తలకు కట్టుకున్న లైటు వెలుగులో, మెరిసే కళ్లను చూసి కాలుస్తారు. మెరిసేది తల, గుండు తగిలేది దవడకో, ముంగాలికో, పొట్టకో. దవడ విరిగిన దుప్పి మేయలేదు, నీళ్లు తాగలేదు, అయినా రోజుల తరబడి బతుకుతుంది. గాయపడ్డ జంతువు నీటి వైపు, పల్లం వైపు పోతుంది. ఇక్కడ పల్లమంటే కాలనీలే, అక్కడ ఉండేవి కుక్కలే.

ఇక పరీక్ష సంగతి. ఇది పశువైద్యులకు కొత్త పని కాదు, వరస తప్పకపోతే చాలు. ఎక్స్‌రే పొట్ట కోయకముందే తీయాలి. కోశాక నెత్తురుతోనో, కడుపులోని మేతతోనో గుండు జారిపోతే మళ్లీ దొరకదు. దుప్పి మొత్తం ఒక ప్లేటు మీద పట్టదు కాబట్టి తల–మెడ, రొమ్ము, పొట్ట, తొడలు అని నాలుగు భాగాలుగా, పక్కవాటుగా ఒకసారి, వెల్లకిలా ఒకసారి తీయాలి. ఒక కోణంలో తీసి ఊరుకుంటే గుండు వెన్నెముక నీడలో దాక్కుంటుంది. పైకి కనిపించే ప్రతి గాయం దగ్గరా ఒక కాగితపు క్లిప్పును ప్లాస్టరుతో అంటిస్తే ఏ నీడ ఏ గాయానిదో తెలుస్తుంది. ఎముకలోని కాల్షియం పరమాణు సంఖ్య 20, సీసానిది 82. అందువల్ల ఎముక బూడిద తెలుపులో కనిపిస్తే సీసం సున్నపు చుక్కలా తెల్లగా మెరుస్తుంది. గుండు బయటికి పోయినా, ఎముకకు రాసుకుని ఉంటే దాని దారి పొడవునా సన్నటి రవ్వలు మిగులుతాయి. ఎక్స్‌రే వెంటనే అందకపోతే, గేట్ల దగ్గర తనిఖీకి వాడే చేతి మెటల్ డిటెక్టరైనా ఒంటి మీద అంగుళం అంగుళం తిప్పాలి. లోతున్న రవ్వలు దానికి అందవు, కానీ ఏమీ చూడకపోవడం కంటే నయం.

కంటితో చూడాల్సినవీ ఉన్నాయి. కుక్క కాటు జంటజంటగా ఉంటుంది, ఎక్కువగా తొడల వెనక, చర్మం చీరుకుని. గుండు దిగిన చోటు గుండ్రంగా ఉంటుంది, అంచు లోపలికి మడిచి, చుట్టూ నల్లటి వలయం, వెంట్రుకలు లోపలికి తోసుకుపోయి. ఉచ్చులో పడినదైతే మెడకో కాలికో తీగ కోసిన గాడి, దాని కింద వాపు ఉంటాయి. కరెంటు తీగైతే గిట్టల దగ్గరో మూతి దగ్గరో కాలిన మచ్చ, మాడిన వెంట్రుకలు. కుక్కలు తినడం మొదలుపెట్టేది పొట్ట, తొడల దగ్గరే కాబట్టి గుండు దిగిన బెజ్జాన్ని అవే చెరిపేస్తాయి. అప్పుడు పురుగులు సాక్ష్యం చెబుతాయి. ఈగ గుడ్లు పొదగడానికే కొన్ని గంటలు పడుతుంది. తెల్లవారుజామున కుక్కలు కరిచాయంటున్న దుప్పి జబ్బలో పొద్దున్నే ఎదిగిన పురుగులు కనిపిస్తే, ఆ గాయం అంతకు ముందుది. ఏ గాయమూ లేకుండా చనిపోయే దుప్పులూ ఉంటాయి. తరిమితే బెదురుకే కండరాలు దెబ్బతిని, గుండె ఆగి చచ్చిపోయే జంతువు అది. ఎక్స్‌రేలో ఏమీ లేదని తేలినా అది పనికొచ్చే కబురే, గుండు దెబ్బ అన్న అనుమానం తగ్గుతుంది.

గుండు దొరికితే అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఉక్కు పటకారుతో లాగకూడదు. సీసం గోరుతో గీసినా గీత పడే లోహం. గ్లోవ్స్ వేసుకున్న వేళ్లతోనో, కొనకు రబ్బరు తొడిగిన ఫోర్సెప్స్‌తోనో తీయాలి. నెత్తుటి తడి ఆరనిచ్చి, కాగితంలో చుట్టి, పంచనామాలో రాసి సీలు వేయాలి. తడిగా ప్లాస్టిక్ సంచిలో వేస్తే పైన తెల్లటి పొర పట్టి గుర్తులు పోతాయి. నాటు తుపాకీ గుండు మీద మర గీతలు ఉండవు, ఏ తుపాకీదో ఎలా చెబుతారని అడగవచ్చు. పోతగుండుకు తనదైన గుర్తు ఉంటుంది. అచ్చు రెండు చెక్కలు కలిసే చోట గుండు నడుము చుట్టూ సన్నటి గీత పడుతుంది. సీసం పోసిన బెజ్జం దగ్గర చిన్న మొటిమ మిగులుతుంది, దాన్ని కోసేసిన చోట చదును మచ్చ ఉంటుంది. అచ్చులో గాటుంటే ప్రతి గుండు మీదా అదే గాటు దిగుతుంది. దెబ్బకు ఒకవైపు చితికినా రెండోవైపు ఈ గుర్తులు మిగిలే అవకాశం ఉంది. రేపు ఏ ఇంట్లోనో అచ్చు దొరికితే, దానికీ దుప్పి ఒంట్లో దొరికిన గుండుకూ ముడి వేసేది ఈ గీతే. దుప్పితోపాటు గుండు కాలిపోతే ఆ కేసూ కాలిపోయినట్టే. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, చితి వేడికి దాని మీది గుర్తులేవీ మిగలవు.

మాంసం పట్టుబడిన చోట కూడా ఇంతే జాగ్రత్త కావాలి. వండిన ముక్కైనా సరే, అది మేకదో దుప్పిదో డీఎన్ఏ చెబుతుంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్ ఈ పరీక్ష చేస్తుంది. ముక్కను నీళ్లు కలపని ఆల్కహాల్‌లో పంపాలి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ పాడై, ఉన్న సాక్ష్యం పోతుంది.

అడవి మాంసం రుచి అని గుట్టుగా తెప్పించుకునేవారికి ఒక్కమాట. గుండు తగిలిన చోట కోసి పారేశామంటే సరిపోదు. కంటికి ఆనని సీసం రవ్వలు కండలోకి చొచ్చుకుపోతాయి. ఉడికిస్తే పోవు, వేయిస్తే పోవు. చింతపండు పులుసో నిమ్మరసమో తగిలితే ఆ పులుపుకు సీసం కూరలోకి మరింత దిగుతుంది. ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఇంత తక్కువైతే పరవాలేదు అనే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ముందుగా నష్టపోయేది పసిపిల్లల మెదడు, గర్భిణి కడుపులోని బిడ్డ. వేట చట్టబద్ధమైన అమెరికాలోనే 2008లో నార్త్ డకోటాలో పేదలకు పంచే జింక మాంసంలో సీసం బయటపడి పంపిణీ ఆపేశారు. సీసం తిన్న కాండర్ రాబందులు చచ్చిపోతుంటే కాలిఫోర్నియా 2019 జూలై 1 నుంచి వేటలో సీసపు గుండ్లనే పూర్తిగా నిషేధించింది. ఇక్కడ వేటగాళ్లు పొదల్లో పారేసిన పేగులు తినేవి మన నక్కలు, గద్దలు.

చట్టం సంగతి క్లుప్తంగా. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం ఉచ్చు పెట్టడం, గురిపెట్టడం కూడా వేటే, దుప్పి చావనక్కర లేదు. అభయారణ్యంలో వేటకు మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన సవరణతో జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. లైసెన్సు లేని తుపాకీకి ఆయుధాల చట్టం కింద శిక్ష వేరే. అదే వన్యప్రాణి చట్టంలోని 34వ సెక్షన్ గురించి మన నగరంలో ఎవరూ మాట్లాడరు. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఉంటూ తుపాకీ లైసెన్సు ఉన్నవారు అటవీ శాఖ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఆ గీత లోపల కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు అంగీకారం ఉండాలి. కంబాలకొండ 2002లో అభయారణ్యం అయింది. సింహాచలం నుంచి ఎంవీపీ కాలనీ దాకా ఆ గీత లోపలే ఉన్నాయి. ఆ నమోదు పుస్తకం ఈనాటి వరకు సరిచేసి ఉందో లేదో కలెక్టరు గారు, అటవీ అధికారులు కలిసి ఒకసారి చూడాలి.

కొండ అంచున ఉండేవారు చేయగలిగిందీ ఉంది. గాయపడ్డ దుప్పి కనిపిస్తే తరమకండి, చుట్టూ గుమిగూడకండి, నోట్లో నీళ్లు పోయకండి. అది కదలలేని స్థితిలో ఉంటే కళ్ల మీద గుడ్డ కప్పి, కుక్కలను దూరంగా ఉంచి, 112కో అటవీ రేంజ్ ఆఫీసుకో ఫోన్ చేయండి. చనిపోయి ఉంటే గాయం కడగకండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి, పడి ఉన్న చోటు, చూసిన సమయం రాసి పెట్టుకోండి. పొద్దున నడకకు వెళ్లినప్పుడు జంతువులు నడిచే సన్న దారికి రెండు వైపులా కొమ్మలు నరికి కంచెలా పేర్చి, మధ్యలో ఒక్క సందు వదిలి ఉంటే అక్కడ ఆగండి. ఆ సందులో బైకు క్లచ్ వైరు ఉచ్చు ఉండొచ్చు. పీకి పారేయకండి, అది సాక్ష్యం. ఫొటో తీసి, ఆ చోటు లొకేషన్‌తో సహా అటవీ బీటు అధికారికి పంపండి.

అడవి నుంచి హైవే దాటితే జూపార్కు ఉంది, అక్కడ వన్యప్రాణులకు వైద్యం చేసే డాక్టర్లున్నారు. దుప్పి పడిన చోటు నుంచి అక్కడికి వ్యానులో చేర్చడం, ఎనిమిది ఫిల్ములు తీయడం ఒక పూట పని. పోస్టుమార్టం ఫారంలో ‘ఎక్స్‌రే తీశారా? ఏం కనిపించింది?’ అని ఒక గడి చేర్చి, అది నింపనిదే దహనానికి సంతకం పెట్టకూడదని అటవీ అధికారులు ఉత్తర్వు ఇవ్వాలి. ఈ ఎండాకాలం దుప్పులు కిందికి దిగకముందే ఆ ఉత్తర్వు రావాలని కోరుతున్నాం.

ఇట్లు,
పశువైద్యం, వన్యప్రాణి సంరక్షణ పనుల్లో ఉన్న కొందరు పాఠకులు,
మధురవాడ, విశాఖపట్నం