మనది కాని ఈఆర్‌సీ డబ్బు తిప్పి ఇచ్చే దారి ఉంది

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని జార్జియాలో చిన్న గ్యాస్ స్టేషన్ (పెట్రోల్ బంకు) నడుపుతున్నాను. నేను, నా భార్య, ఐదుగురు పనివాళ్లు. కోవిడ్ రోజుల్లో ఉద్యోగుల్ని తీసేయకుండా జీతాలిచ్చిన వ్యాపారాలకు ఇక్కడి ప్రభుత్వం పేరోల్ ట్యాక్స్‌లో (జీతాల మీద కట్టే పన్నులో) ఎంప్లాయీ రిటెన్షన్ క్రెడిట్ అని ఒక రాయితీ ఇచ్చింది. మనవాళ్లందరూ ఈఆర్‌సీ అంటారు. అర్హత లేకుండా దానికి దరఖాస్తు పెట్టి, తర్వాత తిప్పి ఇచ్చినవాళ్లలో నేనొకణ్ణి. ఇలాగే పెట్టి, ఐఆర్ఎస్ (ఇక్కడి పన్నుల శాఖ) నుంచి వచ్చిన ఉత్తరాలు విప్పకుండా సొరుగులో పడేసిన తెలుగు వ్యాపారులు నాకు తెలిసే నలుగురున్నారు. మీ పత్రిక వాళ్లు రోజూ చదువుతారు కాబట్టి ఈ ఉత్తరం.

2023లో ఒక తెలుగు సంబరాల్లో ఒక కంపెనీ వాళ్లు స్టాల్ పెట్టారు. పదిహేను నిమిషాల ఫోన్‌కాల్, పేరోల్ కాగితాలు పంపడం, అంతే అన్నారు. వచ్చిన దాంట్లో 25 శాతం వాళ్లకి, రాకపోతే ఏమీ ఇవ్వక్కర్లేదు. 2021లో మొదటి మూడు క్వార్టర్లకు (క్వార్టర్ అంటే మూడు నెలలు) క్వార్టర్‌కి 36,750 డాలర్ల చొప్పున లెక్క వేసి 941-ఎక్స్ ఫారాలు, అంటే పాత పేరోల్ ట్యాక్స్ రిటర్నులు సవరించే ఫారాలు, తయారుచేశారు. నేను సంతకం పెట్టి పంపాను. ఫారం తయారుచేసినవాళ్లు సంతకం పెట్టాల్సిన గడి ఖాళీగా ఉంది. ఆ రోజు దాని మీద నా కన్ను పడలేదు. ఇప్పుడు ఎవరు ఏ ఫారం చూపించినా ముందు ఆ గడే చూస్తాను.

ఆ లెక్క ఎక్కడ తప్పిందో చెబుతాను, ఎందుకంటే చాలామంది కాగితాల్లో ఇవే తప్పులు కనిపిస్తున్నాయి. ఈ క్రెడిట్ రావాలంటే ముఖ్యంగా రెండు దారులు. ప్రభుత్వ ఆర్డర్ వల్ల వ్యాపారం పూర్తిగానో కొంతగానో ఆగిపోయి ఉండాలి. లేదా అమ్మకాలు బాగా పడిపోయి ఉండాలి. 2021 అయితే 2019లో అదే క్వార్టర్‌తో పోలిస్తే 20 శాతానికి మించి తగ్గాలి. మాది గ్యాస్ స్టేషన్, ఒక్క రోజూ మూతపడలేదు. మొదటి క్వార్టర్‌లో అమ్మకాలు 9 శాతం తగ్గాయి. అంతకు ముందు క్వార్టర్‌తో చూసుకునే వెసులుబాటు ఉంది గానీ అలా చూసినా 20 రాలేదు. తర్వాత గ్యాస్ ధర పెరిగింది, దాంతో రెండు, మూడు క్వార్టర్లలో 2019 కన్నా ఎక్కువే వచ్చింది. మరి ఏం చూపించి అర్హత అన్నారంటే, సరుకు టైముకి రాలేదట. కప్పులు, చిప్స్, సిగరెట్లు ఆలస్యంగా వచ్చిన మాట నిజమే. కానీ సరుకు ఆలస్యమైనంత మాత్రాన ఈ క్రెడిట్ రాదు.

అది చాలదన్నట్టు నా జీతం, నా భార్య జీతం కూడా కలిపేశారు. ఒక్కొక్క క్వార్టర్‌లో మా ఇద్దరి మీదే 14,000 డాలర్లు. మెజారిటీ యజమాని జీతం, ఆయన దగ్గరి బంధువుల జీతాలు దాదాపు ఎప్పుడూ ఈ లెక్కలోకి రావు. కోవిడ్‌లో జీతాల కోసం ప్రభుత్వం ఇప్పించిన పీపీపీ లోను కూడా మేం తీసుకున్నాం. ఆ లోను మాఫీకి చూపించిన జీతాలు మళ్లీ ఈఆర్‌సీకి చూపించకూడదు. ఆ లోను సంగతే వాళ్లు అడగలేదు.

మొదటి చెక్కు ఆగస్టులో వచ్చింది. బ్యాంకులో వేశాం, 9,187 డాలర్ల 50 సెంట్లు వాళ్లకి కట్టాం. సెప్టెంబర్ 14న ఐఆర్ఎస్ కొత్త దరఖాస్తుల పరిశీలన ఆపేసిందని చదివాక నాకు నిద్ర పట్టలేదు. అక్టోబర్‌లో రెండో చెక్కు వస్తే దాన్ని గల్లా కింద సొరుగులో పెట్టి మా సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) దగ్గరికి వెళ్లాను. ఆవిడ కాగితాలన్నీ ఒక గంట చూసి, మూడు క్వార్టర్లకూ అర్హత సున్నా అని చెప్పింది. తిట్టలేదు. ఒక్కో క్వార్టర్ ఒక్కో స్థితిలో ఉంది కాబట్టి ఒక్కో దారి అంది.

మూడో క్వార్టర్ డబ్బు ఇంకా రాలేదు. అందుకని దరఖాస్తు వెనక్కి తీసుకున్నాం. 941-ఎక్స్ కాపీ మొదటి పేజీ ఎడమ మార్జిన్‌లో ‘విత్‌డ్రాన్’ అని రాసి, కుడి మార్జిన్‌లో సంతకం, తేదీ, పేరు, హోదా వేసి ఫ్యాక్స్ చేశాం. అలా తీసుకుంటే అసలు దరఖాస్తే పెట్టనట్టు లెక్క, పెనాల్టీ లేదు, వడ్డీ లేదు. కాకపోతే ఆ క్వార్టర్ క్రెడిట్ మొత్తం వదులుకోవాలి, ఆ ఫారంలో ఇంకే మార్పూ ఉండకూడదు.

రెండో క్వార్టర్ చెక్కు చేతిలో ఉంది, బ్యాంకులో పడలేదు. దానికీ ఇదే పద్ధతి, కాకపోతే చెక్కు కూడా పంపాలి. వెనక సంతకం పెట్టే చోట ‘వాయిడ్’ అని రాయాలి. మడవొద్దు, పిన్ను కొట్టొద్దు అని సీపీఏ రెండుసార్లు చెప్పింది. ఆ రాత్రి స్టోర్ కట్టేశాక కౌంటర్ మీద చెక్కు బోర్లా పెట్టి నా భార్య, నేను కాసేపు చూస్తూ ఉండిపోయాం. మా ఐదుగురు పనివాళ్ల మూడు నెలలకు పైగా జీతం అది. “మనది కాదు కదా, రాసేయండి” అంది. రాశాను. కాపీలు తీసుకుని, ‘ఈఆర్‌సీ విత్‌డ్రాయల్’ అన్న చీటీ జత చేసి పోస్టులో పంపాం. కవరు పోస్టాఫీసులో ఇచ్చి బయటికొచ్చాక ఎన్నాళ్లకో టెన్షన్ తగ్గింది.

ఖర్చయిపోయిన మొదటి క్వార్టర్ డబ్బుకి, తప్పు మనంతట మనమే ఒప్పుకునే వాలంటరీ డిస్‌క్లోజర్ అనే ఐఆర్ఎస్ పథకంలో చేరాం. 80 శాతం, అంటే 29,400 కట్టాం. ఆ క్రెడిట్ మీద పెనాల్టీ, వడ్డీ వెయ్యలేదు. మనకు సలహా ఇచ్చినవాళ్ల వివరాలు అందులో రాయాలి, రాశాను. కమిషన్ కట్టింది పోగా చివరికి మా జేబులోంచి 1,837 డాలర్ల 50 సెంట్లు పోయాయి. ఆ కంపెనీ ఫోన్ అప్పటికే పనిచేయడం లేదు.

ఆ 80 శాతం పథకం 2024 మార్చి 22తో అయిపోయింది. 85 శాతం కట్టించుకున్న రెండోది 2021 కాలానికి మాత్రమే, అదీ 2024 నవంబర్ 22తో ముగిసింది. అయినా దారి మూసుకుపోలేదు. చేతిలో చెక్కు ఉన్నవాళ్లు, దరఖాస్తు ఇంకా నలుగుతున్నవాళ్లు వెనక్కి తీసుకోవడం గురించి సీపీఏని వెంటనే అడగండి. డబ్బు వాడేసినవాళ్లు ఎలా సరిదిద్ది తిరిగి కట్టాలో సీపీఏని అడగాలి. ఒక్కసారి కట్టలేకపోతే వాయిదాలు అడగొచ్చు. 2025 జూలై 4న వచ్చిన చట్టం 2021 మూడు, నాలుగు క్వార్టర్ల ఈఆర్‌సీని ఐఆర్ఎస్ తిరిగి పరిశీలించే గడువును ఆరేళ్లకు పెంచింది. కాలం గడిస్తే పోతుందిలే అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. తెలిసి తెలిసి దొంగలెక్క పెట్టినవాళ్ల సంగతి వేరు, వాళ్లకి వెనక్కి తీసుకోవడం రక్షణ కాదు. వాళ్లు ముందు లాయర్‌ని కలవాలి.

రెస్టారెంట్ నడిపే ఒక తమ్ముడు పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. “అన్నా, 105-సి అని ఉత్తరం వచ్చింది. అన్నీ వదిలేసుకుంటాను, నాకు భయంగా ఉంది” అన్నాడు. వెళ్లి కూర్చుని చూశాను. క్రెడిట్ తిరస్కరిస్తున్నామని ఐఆర్ఎస్ పంపే ఉత్తరం అది, 2020 రెండో క్వార్టర్‌ది. ఆ ఏప్రిల్‌లో గవర్నర్ ఆర్డర్‌తోనే లోపల కూర్చుని తినడం ఆగిపోయింది, పార్సిల్ మాత్రమే. ఆ క్వార్టర్ అమ్మకాలు 2019లో సగం కన్నా తక్కువ. అది అతని హక్కు, వదులుకోకూడదు. ఆర్డర్ కాపీ, అమ్మకాల లెక్క, పేరోల్ జత చేసి అప్పీల్‌కి రాయమన్నాను. ఒక్క జాగ్రత్త, కోర్టుకి వెళ్లడానికి ఆ ఉత్తరం తేదీ నుంచి రెండేళ్లే గడువు. అప్పీల్ నడుస్తోంది కదా అని ఆ గడువు ఆగదు. ఐఆర్ఎస్ ఒప్పుకుంటే 907 ఫారంతో పొడిగించుకోవచ్చు, అదీ గడువు లోపలే. అతనికే 2021 మూడో క్వార్టర్ డబ్బు కూడా వచ్చింది, ఖర్చూ అయింది. అప్పటికి రెస్టారెంట్ నిండుగా నడుస్తోంది. అది మాత్రం సరిదిద్ది కట్టాల్సిందే. తప్పుది, ఒప్పుది ఒకే ఫైల్లో కలిపి పెట్టిన పాపానికి అతను రెండూ పోగొట్టుకునేవాడు.

ఇన్‌కమ్ ట్యాక్స్ వైపు కూడా చూడాలి. క్రెడిట్ వచ్చిందని జీతాల ఖర్చు తగ్గించి చూపినవాళ్లు, ఆ క్రెడిట్‌ని ఐఆర్ఎస్ తిరస్కరిస్తే ఆ ఖర్చు మళ్లీ చూపించుకోవచ్చు. 2025 మార్చిలో ఐఆర్ఎస్ దీనిమీద వివరణ ఇచ్చింది. ఆ రెస్టారెంట్ తమ్ముడి అకౌంటెంట్‌కి ఈ సంగతి తెలియదు.

ఒక మనవి. మీ ప్రవాస తెలుగువారి పేజీలో సంబరాల ఫొటోలతో పాటు ఈ విషయం తెలిసిన సీపీఏ ఒకరితో నాలుగు ప్రశ్నలు, జవాబులు వేయండి. ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకీ ఒక మాట. ట్యాక్స్ రిఫండ్ ఇప్పిస్తామని స్టాల్ అడిగినవాళ్లని, మీరు తయారుచేసే ఫారం మీద మీరు సంతకం పెడతారా అని ముందు అడగండి. పెట్టం అంటే ఆ స్టాల్ ఇవ్వకండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక గ్యాస్ స్టేషన్ యజమాని, జార్జియా, అమెరికా