డిసెంబర్ టూర్‌లో బేలం తీసేసి బొర్రా ఎందుకు పెట్టానంటే

డిసెంబర్ ఫ్యామిలీ టూర్‌కి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకూ, ఇంకా ఆలోచిస్తున్నవాళ్లకూ ఓ మాట. ఈసారి బేలం గుహలు తీసేసి బొర్రా గుహలు, అరకు పెట్టాను. డబ్బు కట్టించుకుని చెప్పాపెట్టకుండా మార్చడం బాగుండదు కదా, అందుకే ఇదంతా.

తప్పు నాదే. మొన్న మే నెలలో ‘కొండలు, గుహలు, చల్లదనం’ అని పాంప్లెట్లు వేయించి, విజయవాడ నుంచి రెండు బళ్ల జనాన్ని బేలం తీసుకెళ్లాను. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉందది. ఎక్కడానికి అక్కడ కొండే లేదు. చదును నేలలో బావిలాంటి పెద్ద గొయ్యి, లోపలికి మెట్లు, అంతే. బండి దిగగానే ఓ మామ్మగారు చుట్టూ చూసి, ‘ఏవయ్యా, కొండేదీ?’ అన్నారు. ఏం చెప్పను?

లోపల చల్లగా ఉంటుందని చెప్పింది కూడా నేనే. నిజానికి ఉక్క. బయటి గాలిని గొట్టాలతో లోపలికి పంపిస్తారు గానీ కాస్త దూరం నడిస్తే చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. కొన్నిచోట్ల నడుం వంచాలి. మామ్మగారు ఓ గాలి గొట్టం ముందు ఆగిపోయి, పైట చెంగుతో మెడ తుడుచుకుంటూ ‘నేనింక రాలేను బాబూ’ అన్నారు. చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాను. ఆ టూర్‌లో మిగతావాళ్లు గుహలో అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ దాకా వెళ్లొచ్చారు, నేను మాత్రం చూడలేదు.

అంతమాత్రాన బేలం బాగోదని కాదు. మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న గుహ, అందులో ఒకటిన్నర కిలోమీటర్లు మనం నడవొచ్చు. పాతాళగంగ దగ్గర లోతు 46 మీటర్లు. కుర్రాళ్లకు పండగే. జనవరిలో గండికోటతో కలిపి వాళ్లకు విడిగా వేస్తాను.

ముసలివాళ్లు, పిల్లలు కలిసి కొండల్లో రెండు రోజులు గడపాలంటే మాత్రం బొర్రానే. అనంతగిరి కొండల్లో, సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. గుహ నోరే పెద్దది, పైకప్పు ఎక్కడో ఉంటుంది, ఊపిరాడనట్టు అనిపించదు. నిలబడి చూస్తే పైనుంచి వేలాడే రాతి ఊడ చివర ఒక నీటి బొట్టు ఊగుతూ కనిపిస్తుంది. అది ఎప్పుడు పడుతుందా అని పిల్లలు కదలరు. ఆ బొట్టులో కరిగి ఉన్న సున్నమే కొంచెం కొంచెంగా పేరుకుని రాయవుతుంది. పైకప్పు కన్నంలోంచి ఓ ఆవు లోపల పడిపోతే, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి శివలింగం కనిపించిందని అక్కడివాళ్లు చెప్పే కథ. ఆ గుహల్లోంచి పారే గోస్తనీ నదికి ఆ పేరూ ఆవు పొదుగు మీదే వచ్చిందంటారు.

‘మన పక్కనే ఉండవల్లి ఉందిగా, అంత దూరం ఎందుకు?’ అని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఉండవల్లి గుహ, మనుషులు ఉలితో తొలిచింది. బొర్రా, నీళ్లు తొలిచింది. రెండూ చూడాల్సినవే, కానీ ఒకదాని బదులు ఇంకొకటి కాదు.

బొర్రాలోనూ ఇబ్బందులున్నాయి, ముందే చెప్తున్నా. మెట్లు బోలెడు. దిగేటప్పుడు తెలియదు, ఎక్కేటప్పుడు మోకాళ్లు చెప్తాయి. తడిచోట జారుతుంది, స్లిప్పర్లు వద్దు. బయట కోతులు చేతిలో కవర్ కనిపిస్తే లాగేస్తాయి. ఘాట్ మలుపుల్లో వాంతులయ్యే పిల్లలుంటే ముందు సీట్లిస్తాను. విశాఖ నుంచి పొద్దున రైల్లో సొరంగాలు దాటుకుంటూ వెళ్దామనుకునేవాళ్లు ఇప్పుడే చెప్పండి, డిసెంబర్‌లో టికెట్లు దొరకవు.

విశాఖలో ఒక రాత్రి బస కలిసింది కాబట్టి మనిషికి 400 రూపాయలు పెరిగింది. బేలం కోసమే కట్టినవాళ్లకు అడ్వాన్స్ మొత్తం వెనక్కిస్తాను, పైసా పట్టుకోను. ఏ సంగతీ ఆదివారంలోగా ఫోన్ చేసి చెప్పండి, సోమవారం బళ్లకు డబ్బు కట్టాలి.