తాగి నడిపినవాడికి పగ ఉండాలా? ప్రాసిక్యూషన్స్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

తాగి కారు నడిపి మనుషుల్ని చంపిన కేసుల్లో డిఫెన్స్ అడిగేది ఒక్కటే: "చనిపోయినవాళ్లతో మా క్లయింట్‌కి పగేముంది?" పగ లేదు, నిజమే. కానీ చట్టం అడిగేది అది కాదు. ఎందుకు చేశాడన్నది వేరు, ప్రాణం పోవచ్చని తెలిసే చేశాడా అన్నది వేరు.

2006లో ముంబై కార్టర్ రోడ్‌లో పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్న ఏడుగురు కూలీలు ఇలాగే చనిపోయారు. ట్రయల్ కోర్టు దాన్ని నిర్లక్ష్యంగా చూసి ఆరు నెలల శిక్షతో సరిపెట్టింది. హైకోర్టు మాత్రం ప్రమాదం సంగతి తాగి కారు నడిపినవాడికి తెలుసని తేల్చి మూడేళ్లు వేసింది. 2012లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. పగ ఊసు లేకుండానే!

ఇప్పుడు ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 106(1) కింద నిర్లక్ష్యానికి గరిష్ఠంగా ఐదేళ్లు. తెలిసి చేశాడని రుజువైతే సెక్షన్ 105 కింద పదేళ్ల దాకా పడొచ్చు. ఈ తేడా అంతా మొదటి కొన్ని గంటల్లో సేకరించే సాక్ష్యం మీదే ఉంటుంది. రక్తం శాంపిల్ ఆలస్యమైతే ఆల్కహాల్ తగ్గిపోతుంది. బార్ బిల్లు, సీసీటీవీ ఫుటేజీ, రోడ్డు మీద టైర్ల గుర్తులు, "నువ్వు నడపొద్దురా" అని వారించిన స్నేహితుడి వాంగ్మూలం... తెలిసే చేశాడనడానికి ఆధారాలు ఇవే. తాగిన ప్రతి డ్రైవర్‌ మీదా 105 పెట్టమని నేను అడగను, అది అన్యాయం. చార్జిషీటు వేసేముందు మీ ప్రాసిక్యూటర్లు ఇవన్నీ ఉన్నాయో లేవో చూసి, లేకపోతే దర్యాప్తు అధికారికి లిఖితపూర్వకంగా చెప్పేలా సర్క్యులర్ ఇవ్వండి.

ఇట్లు,
ఒక పౌరురాలు